ఈకపాచికి పెట్టిన పేరు

ఆ కాయితం మీద డాక్టరు సంతకం ముందే పడి ఉంది. జబ్బు పేరు రాయాల్సిన చోటే ఖాళీ.

ఆ డాక్టరు శనివారం శనివారం వస్తాడు. వలల షెడ్డు ముందు కుర్చీ వేయించుకుని అరగంట కూర్చుంటాడు. చీటీల పుస్తకం తీసి, వరసగా సంతకాలు గీకేసి కారెక్కుతాడు. మిగతా ఆరు రోజులూ ఆ పుస్తకం సూపర్‌వైజరు గణేష్‌బాబు సొరుగులో ఉంటుంది. తలనొప్పని వెళ్తే ఆయనే రాస్తాడు, విరోచనాలని వెళ్తే ఆయనే రాస్తాడు. మంగళవారం పొద్దున్న సూర్యకళ చేతులకేసి దూరం నించే చూసి, కలం మూత కొరుక్కుంటూ కాసేపు ఆలోచించి, ఆ ఖాళీలో 'అంటు చర్మవ్యాధి' అని రాశాడు. చింపాడు. చేతికివ్వలేదు. బల్ల మీద పెట్టి వేలితో ఇవతలికి నెట్టాడు.

"తగ్గాక కనబడమ్మా."

"అంటుజబ్బేంటండీ. పాచి గీకితే వచ్చింది. నెల్లాళ్ల నించీ చెప్తానే ఉన్నాను కదండీ."

"పాచి గీకితే వచ్చేదైతే మిగతా పదిమందికీ రావాలి కదా." గొంతు పెంచి షెడ్డులోకి అడిగాడు. "ఏమ్మా, ఎవరికైనా వచ్చిందా?"

పదిమంది ఆడవాళ్లూ వల మీద వంగి ఉన్నారు. ఒక్కరూ తలెత్తలేదు. చీరల మీద మొగుళ్ల పాత చొక్కాలు, ముంజేతి దాకా గుండీలు పెట్టుకుని ఉన్నారు. సూర్యకళ ఒక్కతే మంట ఓర్చుకోలేక చేతులు పైకి మడిచింది. ఆమె చేసిన నేరం అదే.

సువార్తమ్మ ఆమెకి జోడీ. మూడేళ్లుగా ఏ వలకైనా ఆ కొస సువార్తమ్మది, ఈ కొస సూర్యకళది. సువార్తమ్మ కళ్లు వల మీదే ఉన్నాయి గానీ, కాలు మాత్రం ఇసకలో మెల్లగా కదిలింది. స్తంభం దగ్గర ఇద్దరి అన్నం డబ్బాలూ ఆనుకుని ఉంటే, బొటనవేలితో తన డబ్బాని జానెడు పక్కకి లాక్కుంది. కాయితం చూసినప్పుడు సూర్యకళకి కోపం వచ్చింది. ఆ జానెడు చూశాక తన డబ్బా తీసి చంకన పెట్టుకుంది.

గణేష్‌బాబు గోడ చూపించాడు. ప్లాస్టిక్ తొడిగిన కాయితం ఒకటి మేకుకి వేలాడుతోంది. "టెన్త్ పాసయ్యావుగా, చదువు."

'వలలపై పెరుగునది హానిలేని సముద్రపు మొక్కజాతి' అని ఉంది. కింద నరసాపురంలో ఒక కాలేజీ ముద్ర, జువాలజీ లెక్చరర్ ఉషారాణి సంతకం.

"మొక్కమ్మా అది. మొక్క ఎక్కడైనా కుడుతుందా?"

"దురదగుంటాకు కుడుతుందండి," అంది సూర్యకళ.

వల మీద వంగినవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరన్నది తెలీలేదు. కాయితం మడిచి రొంటిన దోపుకుని ఆమె బయటికి వచ్చేసింది.

గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర కంపెనీ నీళ్ల మీద గుండ్రటి కేజులు తేలేసి, వాటికి వలలు దించి పండుగప్ప చేపని పెంచుతుంది. ఇరవై రోజులకోసారి వల మారుస్తారు. దింపేటప్పుడు ఇద్దరు మోసిన వల, తీసేటప్పుడు ఎనిమిదిమంది లాగినా కదలదు. కన్ను కన్నుకీ పాచి పట్టి గోనెపట్టాలా అయిపోతుంది. దాన్ని ఒడ్డున పరిచి, ఒకపూట ఎండనిచ్చి, చిప్పతో గీకి, కర్రతో కొట్టి, మళ్లీ కన్ను కనబడేలా చేయడం ఈ ఆడవాళ్ల పని. చేపలకి మేత వేసేవాడికి బూట్లు ఉన్నాయి. పడవ నడిపేవాడికి చొక్కా మీద ఇంకో నారింజ చొక్కా ఉంది. వీళ్లకి కొబ్బరిచిప్ప ఉంది. అది కూడా ఎవరిది వాళ్లే ఇంటి నించి తెచ్చుకోవాలి.

పుస్తకాల్లో ఏం రాసుందో గానీ, పాచిలో రకాలు ఈ ఆడవాళ్లకి చేతులతో తెలుసు. ఆకుపాచి పచ్చగా జారుతుంది, ఏమీ చెయ్యదు. జుట్టుపాచి గోళ్లలో ఇరుక్కుంటుంది. గులాబీపాచి గుత్తులుగా ఊడొస్తుంది, కాస్త చురుక్కుమంటుంది. ఈకపాచి ఉంది, కోడి ఈకలా నడుమ కాడ, అటూ ఇటూ సన్నటి రెక్కలు, చూడ్డానికి ముద్దొస్తుంది. అదే మాడుస్తుంది. ముందు చీమ కుట్టినట్టు, ఆనక నిప్పు మీద పెట్టినట్టు, మర్నాటికి దద్దుర్లు, మూడోనాటికి నీరు పట్టిన పొక్కులు. ఎండబెడితే చచ్చిపోతుందని ఎండబెట్టేవాళ్లు. కర్రతో కొట్టినప్పుడు ఆ దుమ్ము కళ్లలో పడి రెప్పలు వాచేవి. పని అవగానే అందరూ కంపెనీ వేయించిన మంచినీళ్ల కుళాయి దగ్గరికి పరిగెత్తి మోచేతుల దాకా కడుక్కునేవాళ్లు. ఆ కుళాయి మొదలుపెట్టిన రోజున మేనేజరు రిబ్బను కత్తిరించి ఫొటో దిగాడు.

సాయంత్రానికి మాట ఊరంతా పాకింది. రొయ్యలు ఒలిచే షెడ్డు మేస్త్రి గేటు దగ్గరే ఆపేసి, "నువ్వు రాకమ్మా, సరుకు వెనక్కొస్తుంది" అన్నాడు. అంతవరకూ ఓర్చుకుంది. ఇంటికొస్తే నాలుగేళ్ల కూతురు దుర్గాశ్రీ గుమ్మంలో కూర్చుని ఉంది.

"అమ్మా, అంగన్‌వాడీలో టీచరుగారు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి గుడ్డు పెట్టారే. అందరూ లోపల తిన్నారు. నాకొక్కదానికే అరుగు." పిల్ల అది గొప్పగా చెప్పింది.

సూర్యకళ రొంటినించి కాయితం తీసి దీపం అరుగు మీద పెట్టి మళ్లీ చదివింది. జబ్బు తగ్గడం కాదు ఇక్కడ సంగతి. పొక్కులు పది రోజుల్లో మానతాయి. ఈ రెండు ముక్కలు మానవు. వీటిని కొట్టేయించాలి, రాసినవాడి చేతే కొట్టేయించాలి.

బుధవారం చీకటితోనే మొగలోకి దిగి, కేజు తాడు మీద నించి ఈకపాచి రెండు కాడలు కొబ్బరిపుల్లతో లాగి, ఉప్పునీళ్లతో సహా స్టీలు డబ్బాలో వేసింది. రేవులో ఏరు దాటించే పంటు ఎక్కింది. డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పక్కనున్న పెద్దాయన, "కూరేంటమ్మా?" అని అడిగాడు.

"తినేది కాదండి. మనల్నే తినేది."

ఆయన కొంచెం ఎడంగా జరిగాడు.

కాలేజీలో ఉషారాణి గారు ముప్పై దాటని మనిషి. చేతికి సంచి, సంచిలో రికార్డు పుస్తకాలు, ఒక క్లాసు నించి ఇంకో క్లాసుకి పరుగు. సూర్యకళ వరండాలో ఎదురెళ్లి నిలబడింది.

"మేడమ్, మా వలల పాచి మొక్కని రాసింది మీరేనా అండి?"

"ఏ వలలు? ఓ, ఆ కంపెనీ రిపోర్టా. అవునమ్మా. ఏం?"

సూర్యకళ చేతులు ముందుకి చాచింది. ఉషారాణి చూసి, తెలీకుండానే తన చేతులు వెనక్కి పెట్టుకుంది. ఆ సంగతి తనకే తెలిసి సిగ్గుపడింది. "లోపలికి రా," అంది.

ల్యాబులో ఎవరూ లేరు. సూర్యకళ తమకి తెలిసిన పాచి రకాలన్నీ వరసగా చెప్పింది. ఉషారాణి గాజుగిన్నెలో డబ్బా నీళ్లే పోసి, ఈకపాచి ముక్క ఒకటి చిమటాతో అందులో వదిలి, మైక్రోస్కోపు కింద పెట్టింది. చక్రం తిప్పింది. తిప్పడం ఆపి, చాలాసేపు కన్ను తియ్యలేదు. అలా చూస్తున్నకొద్దీ మెడ వెనక చెమట పట్టడం సూర్యకళకి కనిపించింది.

"వాళ్లు నాకు ఫోన్లో ఫొటో పంపారమ్మా," అంది చివరికి, తల ఎత్తకుండానే. "కొమ్మలూ రెక్కలూ ఉన్నాయి కదా అని మొక్కని రాసేశాను. పరీక్షలో పిల్లలు ఈ తప్పు చేస్తే సున్నా వేస్తాను నేను."

"మొక్క కాదాండి?"

"జంతువు. ఒకటి కాదు, వందలు. హైడ్రాయిడ్ అంటారు. చూడు."

సూర్యకళ ఒక కన్ను మూసి వంగింది. ముందు తన రెప్ప వెంట్రుకలే కనబడ్డాయి. తర్వాత వెలుగు, ఆ వెలుగులో కాడ. కాడ బోలుగా ఉంది, గాజు గొట్టంలా. దాని లోపల ఏదో ముందుకీ వెనక్కీ పారుతోంది. కాడకి అటూ ఇటూ రెక్కలు, రెక్క మీద వరసగా చిన్న చిన్న గిన్నెలు. చూస్తుండగా ఒక గిన్నెలోంచి ఏదో మెల్లగా పైకి లేచి, వేళ్లు విప్పినట్టు విప్పుకుంది. పక్క గిన్నెలో ఇంకొకటి. రెక్క పొడుగునా ఒకదాని తర్వాత ఒకటి, పొద్దున్నే తలుపులు తెరుచుకున్నట్టు.

"గిన్నెలో ఉన్నది పాలిప్. ఆ వేళ్లతో పురుగూ పుట్రా పట్టి తింటుంది," ఉషారాణి చెబుతోంది. క్లాసులో చెప్పే గొంతు కాదు, తొందరపడుతోంది. "ఈ జాతిలో ఇలా గిన్నె ఉన్నవి ఒక తెగ, గిన్నె లేకుండా బోసిగా ఉండేవి ఇంకో తెగ. మీ గులాబీరంగు గుత్తులు అన్నావే, అవి గిన్నె లేనివి అయ్యుంటాయి. దీని గిన్నె పక్కన చూడు. రెండువైపులా రెండు, ముందొకటి, బుల్లి గొట్టాలున్నాయా?"

"ఉన్నాయండి. మూడున్నాయి. ప్రతి గిన్నెకీ మూడు."

"వాటికి నోరు లేదు. తినవు. కాపలా కాయడం, కుట్టడం, అంతే పని. వాటి నిండా దంశకణాలు, స్ప్రింగు చుట్టి పెట్టిన బాణాల్లాంటివి. అదిగో ఆ బుట్టల్లా ఉన్నవి పిల్లల్ని కనడానికి. అన్నీ కలిపి ఒక కాలనీ అంటాం."

"మేముండే తుఫాను కాలనీ లాగాండి?"

"మీ కాలనీలో ఎవరి పొయ్యి వాళ్లది. ఇక్కడ పొట్ట ఒకటే. ఒకటి తిన్నది కాడలోంచి అన్నిటికీ పోతుంది. కుట్టేదానికీ, కనేదానికీ కూడా."

సూర్యకళ ఈ మాటకి ముచ్చటపడలేదు. ఆమె మూడు గొట్టాల దగ్గరే ఆగిపోయింది. "ఎండబెడితే ఇవి చావవాండి?"

"పాలిప్ చస్తుంది. బాణాలు చావవు. తడి తగిలితే మళ్లీ పేలతాయి."

"మంచినీళ్లు తగిలితే?"

ఉషారాణి కుళాయి దగ్గరికి వెళ్లింది. చుక్కల సీసాతో కుళాయి నీళ్లు తీసి, గాజుగిన్నెలో ఒక చుక్క వేసి, "నువ్వే చూడు" అంది. విప్పుకున్న వేళ్లన్నీ ఒక్కసారిగా ముడుచుకున్నాయి. చిన్న గొట్టాల మూతుల దగ్గర నూగులాంటి దారాలు బయటికి చిమ్ముకొచ్చాయి. ఒకటి కాదు, రెక్క పొడుగునా.

సూర్యకళ కన్ను తీసి, నిటారుగా నిలబడింది.

"మూడేళ్లండి," అంది. "మూడేళ్ల నించి రోజూ మంచినీళ్లతో కడుక్కుంటున్నాం. మండితే ఇంకా కడుక్కుంటున్నాం."

"ఉప్పునీళ్లతోనే కడగాలమ్మా. రుద్దకూడదు. అసలు గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు."

"అదే రాసివ్వండి. తెలుగులో."

ఉషారాణి కిటికీకేసి చూసింది. "నేను గెస్టు లెక్చరర్ని. రిపోర్టు కాలేజీ పేరు మీద వెళ్లింది. హెచ్.ఓ.డీ. గారికి చెప్పి, కంపెనీకి లెటరు పెట్టి... ఒక వారం టైమియ్యి."

"వారంలో ఆరు వలలు గీకుతారండి మావాళ్లు." సూర్యకళ గొంతు పెంచలేదు. "మీరు నాకు న్యాయం చెయ్యక్కర్లేదు మేడమ్. దాని పేరు రాసివ్వండి. మీరు మొక్కని రాశారు కాబట్టే నాకు జబ్బని రాశారు."

గంట కొట్టారు. వరండాలో పిల్లల అరుపులు మొదలయ్యాయి. ఉషారాణి సంచిలోంచి తెల్లకాయితం తీసి, నిలబడే రాసింది. మొదటి వాక్యం 'నేను ముందు రాసినది తప్పు' అని. ఆ వాక్యం దగ్గర కలం ఒకసారి ఆగింది గానీ, కొట్టేయలేదు.

గురువారం సాయంత్రం సూర్యకళ సువార్తమ్మ ఇంటికి వెళ్లింది. సువార్తమ్మ వాకిట్లో చేపలు తోముతోంది. చీర మీద చొక్కా ఇంట్లో కూడా విప్పలేదు.

"కూర్చోమనవా అక్కా?"

"కూర్చో." కూర్చున్నాక పీట కొంచెం వెనక్కి జరుపుకుంది. "ఏమనుకోకే. చంటోడున్నాడు ఇంట్లో, మనవడు."

"అనుకోను. నీ చెయ్యి చూపించు."

"నా చేతికేం. బానే ఉంది."

"సరే బాగుంది. ఒక్క పని చెయ్యి. రేపు వల గీకాక ఒక చెయ్యి కుళాయి కింద పెట్టు. రెండో చెయ్యి మొగలో ఉప్పునీళ్లలో ముంచు. రుద్దొద్దు. చూడు." కాలేజీలో చూసిందంతా చెప్పింది, గిన్నెలూ, కాడలో పారేదీ, నోరులేని కాపలావాళ్లూ.

"నోరులేకండా కుట్టేదా," అంది సువార్తమ్మ పొలుసులు గీకుతూ. "మా ఆడపడుచు కంటే నయమే. ఆవిడికి రెండూ ఉన్నాయి." తలెత్తకుండా, "నేనేం చెప్పలేనే సూర్యకళా. నన్నూ పంపేస్తే ఈ వయసులో ఎవడు పనిస్తాడు," అంది.

"నిన్నేం చెప్పమన్నాను. కడుక్కోమన్నాను, అంతే."

శుక్రవారం సువార్తమ్మ దగ్గర్నించి కబురు రాలేదు. అంగన్‌వాడీ టీచరు మళ్లీ దుర్గాశ్రీని అరుగు మీదే కూర్చోబెట్టింది.

శనివారం పది గంటలకి డాక్టరు కారు దిగేసరికి సూర్యకళ కుర్చీ పక్కనే నిలబడి ఉంది. గణేష్‌బాబు పరిగెత్తుకొచ్చాడు. "నిన్ను రావద్దన్నానా? సార్, ఈవిడికి అంటు..."

"ఆ కాయితం మీద సంతకం మీదాండి?" సూర్యకళ చీటీ ఆయన ముందు పెట్టింది. "నన్ను మీరెప్పుడన్నా చూశారాండి?"

డాక్టరు చీటీ చూశాడు, గణేష్‌బాబుని చూశాడు. ఉషారాణి రాసిన కాయితం రెండుసార్లు చదివాడు. "గెస్టు లెక్చరర్ సార్ ఆవిడ, అది చెల్లదు," అని గణేష్‌బాబు అంటూనే ఉన్నాడు. డాక్టరు నుదురు రుద్దుకున్నాడు. గొడవ ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందో ఆయనకి అర్థమైంది, అది తన సంతకం మీదకే వస్తుందని కూడా.

"సరేనయ్యా, ఈ చీటీ చింపేసెయ్. ఈ అమ్మాయిని సోమవారం నించి రానీ. మేత గదిలో వెయ్యి, వల దగ్గర వద్దు. ఏమ్మా, సరేనా?"

అడిగినదానికంటే ఎక్కువే దొరికింది. మేత గదిలో నీడ, పాచి లేదు, పిల్ల లోపల కూర్చుని గుడ్డు తింటుంది. గణేష్‌బాబు చీటీ కోసం చెయ్యి చాచాడు. సూర్యకళ వేళ్లు దాని మీదే ఉన్నాయి. తియ్యాలా వద్దా అన్నట్టు ఉన్నాయి.

"ఆగండి బాబూ," అని వెనక నించి వినబడింది. సువార్తమ్మ. చేతిలో చిప్ప లేదు. "అది చింపేముందు నాకొకటి రాయండి."

"నీకేంటమ్మా?"

"అంటుజబ్బు కదండీ." సువార్తమ్మ కుడి ముంజేతి గుండీ విప్పింది. "అంటుకుంది."

చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచింది. ఎర్రటి దద్దుర్లు, వాటి మీద పాత మచ్చలు, మచ్చల కింద ఇంకా పాత మచ్చలు. ఎడమది కూడా విప్పింది, దాని మీద కొత్త ఎరుపు అంతగా లేదు. "ఇది నిన్న ఉప్పునీళ్లలో కడిగింది. ఇది మీ కుళాయి కింద కడిగింది. తేడా నేను చెప్పాలాండి, మీరే చెప్తారా?"

ఆమె వెనక క్రిస్టినా వచ్చి నిలబడింది. ఆమె వెనక రామలక్ష్మి. కర్రల చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి కుర్చీ ముందు నించి షెడ్డు లోపలి దాకా వరస. పదిమందీ గుండీలు విప్పుకుంటున్నారు, పెళ్లివారింట్లో కాళ్లు కడుక్కోడానికి వరస నిలబడ్డంత తాపీగా.

"అందరూ ఒకేసారి ఇలా అంటే వలలెవరు గీకుతారు?" అన్నాడు గణేష్‌బాబు.

"జబ్బు మనుషులం కదండీ, ముట్టుకోకూడదు," అంది రామలక్ష్మి.

డాక్టరు లేచాడు. నాలుగేళ్లలో ఆయన ఆ కుర్చీ దాటి లోపలికి వెళ్లడం అదే మొదలు. "ఏదీ ఆ పాచి, చూపించండి," అన్నాడు. పరిచిన వల దగ్గర వంగబోతుంటే గణేష్‌బాబు కంగారుగా గదిలోకి వెళ్లి, కవరు చింపని రబ్బరు చేతి తొడుగుల జత తెచ్చాడు. "సార్, ఇవి వేసుకోండి సార్. చేత్తో ముట్టుకోకండి."

పదకొండుమందీ ఆ తొడుగులకేసి చూస్తున్నారు. డాక్టరు ఒక చెయ్యి సగం దాకా దూర్చి, ఆ చూపులకి తలెత్తాడు.

"ఎందుకండీ అవి," అంది సూర్యకళ. "మొక్కే కదండీ."

ఆయన చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత ఆ తొడుగు లాగేసి, వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుని, చీటీల పుస్తకం తెరిచాడు. "పేరు?"

"సువార్తమ్మండి."

జబ్బు అన్న చోట ఆయన ఉషారాణి కాయితం పక్కన పెట్టుకుని చూసి రాశాడు: 'పనిలో హైడ్రాయిడ్ కుట్టిన గాయం.' సువార్తమ్మకి చదువు రాదు. సూర్యకళ వంగి చదివి వినిపించింది. "హైడ్రాయిడ్," అని సువార్తమ్మ ఒకసారి అనుకుని చూసుకుంది, నోట్లో వక్కపలుకు తిప్పినట్టు.

"నీ చీటీ ఇయ్యమ్మా, చింపేద్దాం," అన్నాడు డాక్టరు. "నీది సెటిలైపోయింది కదా."

"చింపకండి." సూర్యకళ చీటీ ఆయన ముందు పెట్టి, ఆ రెండు ముక్కల మీద వేలు పెట్టింది. "ఇవి కొట్టేయండి. గణేష్‌బాబు గారి చేత కొట్టేయించండి, రాసింది ఆయన. కింద ఆ పేరు రాయండి. నాది మొదటిది. వరసలో ఉండాలి."

"మరి మేత గది?"

"మా వల ఉందండి. ఈ కొస పట్టుకునేవాళ్లు లేకపోతే అది లేవదు."

గణేష్‌బాబు కొట్టేశాడు. రెండు గీతలు కొట్టాడు, రెండోది కాయితం చిరిగేలా.

పదకొండు చీటీలూ అయ్యేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఎవరూ వల ముట్టుకోలేదు. ఇంటికీ వెళ్లలేదు. వల చుట్టూ ఇసకలో కూర్చుని, పాచి నీళ్లు కారుతుంటే చూస్తున్నారు. మొగలో కేజుల తాళ్లు నల్లగా బరువెక్కి కుంగి ఉన్నాయి. గణేష్‌బాబు షెడ్డు మూలకి వెళ్లి, మేనేజరుకి ఫోను చేశాడు. గుసగుసగా మొదలుపెట్టాడు గానీ, అవతల వినబడక గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది.

"మొక్క కాదంట సార్. జంతువంట. లేదు సార్, గొడవేం చెయ్యట్లేదు, కూర్చున్నారంతే... గ్లవ్స్ సార్. పదకొండు జతలు. ఆ సార్, మణికట్టు దాకా ఉండేవి చాలు..."

"భుజం దాకా అని చెప్పండి," అంది సూర్యకళ, కూర్చున్న చోటు నించి లేవకుండానే.